నూటికి రెండు అంటే ఎంత?

ఊళ్లో అప్పు అడిగితే ముందుగా వినిపించేది వడ్డీ మాట. "నూటికి రెండు" అంటారు. "రెండు రూపాయల వడ్డీ" అని కూడా అంటారు. మాట చిన్నదే. దాని వెనక ఉన్న లెక్క తెలియకపోతే చిన్న అప్పు పెద్ద బరువవుతుంది.

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. ఈ లెక్కలన్నీ ఎవరికి వారే చేసుకోవచ్చు.

ఈ పాఠంలో రాజమ్మ, వెంకమ్మ, లక్ష్మమ్మ అనే పేర్లు వస్తాయి. అవి లెక్క కోసం పెట్టిన పేర్లు. ధరలు కూడా లెక్క కోసం పెట్టినవే. మీ ఊరి ధరలు వేసుకుని మీరు మళ్లీ చేసి చూడండి.

1. నెల వడ్డీ, ఏడాది వడ్డీ

ఊళ్లో "నూటికి రెండు" అంటే నెల లెక్క. నూరు రూపాయలు ఒక నెల వాడుకుంటే రెండు రూపాయలు వడ్డీ కట్టాలి. ఏడాదికి పన్నెండు నెలలు. 12 రెళ్లు 24. అంటే నూటికి ఏడాదికి 24 రూపాయలు.

బ్యాంకులో చెప్పేది ఏడాది లెక్క. "నూటికి 12" అంటే నూరు రూపాయలకు ఏడాదికి 12 రూపాయలు. అంటే నెలకు ఒక రూపాయి. దీన్నే "పన్నెండు శాతం" అంటారు. శాతం అంటే నూటికి అని అర్థం.

షావుకారు "రెండు" అన్నాడు. బ్యాంకు "పన్నెండు" అంది. వినడానికి రెండే తక్కువ. లెక్క చూస్తే రెండు రూపాయల వడ్డీ బ్యాంకు వడ్డీకి రెట్టింపు.

ఈ పట్టిక చూడండి. మొదటిది ఊరి మాట. రెండోది నూటికి ఏడాదికి అయ్యే వడ్డీ.

పావలా వడ్డీ — 3 రూపాయలు
అర్ధరూపాయి వడ్డీ — 6 రూపాయలు
రూపాయి వడ్డీ — 12 రూపాయలు
రూపాయిన్నర వడ్డీ — 18 రూపాయలు
రెండు రూపాయల వడ్డీ — 24 రూపాయలు
మూడు రూపాయల వడ్డీ — 36 రూపాయలు
ఐదు రూపాయల వడ్డీ — 60 రూపాయలు

2004లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు "పావలా వడ్డీ" పథకం వచ్చింది. ఆ పేరులోనే లెక్క ఉంది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 రూపాయలు. సంఘం మీద పడే వడ్డీ అంతే ఉండాలని ఆ పథకం ఉద్దేశం.

2. రాజమ్మ అడిగిన అప్పు

రాజమ్మ పాడి గేదెను కొనాలనుకుంది. దాచుకున్న డబ్బు కొంత ఉంది. ఇంకా 20,000 రూపాయలు తక్కువ పడ్డాయి. షావుకారు దగ్గరకు వెళ్లింది.

"ఇస్తానమ్మా. రెండు రూపాయల వడ్డీ. పది నెలల్లో తీర్చెయ్యి. నెలకు అసలు రెండు వేలు, వడ్డీ నాలుగు వందలు. మొత్తం 2,400 కడితే చాలు" అన్నాడు షావుకారు.

రాజమ్మ ఇంటికి వచ్చి తోడికోడలు వెంకమ్మకు చెప్పింది.

"అక్కా, ఊరంతా రెండు రూపాయలే గదా. తీసుకుందామా?"

"ఆగు రాజమ్మా. ముందు లెక్క చూద్దాం. రాత్రి బడిలో నేర్చుకున్నది ఎందుకూ?" అంది వెంకమ్మ.

ఒక నెల వడ్డీ కట్టే పద్ధతి ఇది. అప్పులో ఎన్ని వందలు ఉన్నాయో చూడాలి. చివరి రెండు సున్నాలు కొట్టేస్తే అదే వస్తుంది. 20,000లో రెండు సున్నాలు తీస్తే 200. అంటే 200 వందలు. ఒక్కో వందకు 2 రూపాయలు. 200 × 2 = 400. నెల వడ్డీ 400 రూపాయలు.

పది నెలలకు 400 × 10 = 4,000 రూపాయలు.

అసలు 20,000. వడ్డీ 4,000. మొత్తం 24,000. షావుకారు చెప్పిన 2,400ను పదితో గుణించినా 24,000 వస్తుంది.

"లెక్క సరిపోయింది గదక్కా" అంది రాజమ్మ.

"కూడిక సరిపోయింది. పద్ధతి సరిగా ఉందో లేదో ఇంకా చూడలా" అంది వెంకమ్మ.

3. చింతపిక్కల లెక్క

వెంకమ్మ ఇరవై చింతపిక్కలు తెచ్చి రాజమ్మ ముందు పోసింది.

"ఒక్కో పిక్క వెయ్యి రూపాయలు అనుకో. ఇప్పుడు నీ దగ్గర షావుకారు డబ్బు ఎంత ఉంది?"

"ఇరవై వేలు."

"నెల అయింది. రెండు వేలు అసలు కట్టావు. రెండు పిక్కలు అవతల పెట్టు. ఇప్పుడు?"

"పద్దెనిమిది వేలు."

"మరి రెండో నెల వడ్డీ దేనిమీద కట్టాలి? ఇరవై వేల మీదా, పద్దెనిమిది వేల మీదా?"

రాజమ్మ పిక్కల వైపు చూసింది. "తిరిగి ఇచ్చేసిన రెండు వేలకు వడ్డీ ఎందుకు కడతాను? పద్దెనిమిది వేలకే కట్టాలి."

ఇద్దరూ నెలకు రెండు పిక్కల చొప్పున తీస్తూ లెక్క రాశారు. మొదటి అంకె మిగిలిన అసలు. రెండోది ఆ నెల వడ్డీ.

1వ నెల — 20,000 — 400
2వ నెల — 18,000 — 360
3వ నెల — 16,000 — 320
4వ నెల — 14,000 — 280
5వ నెల — 12,000 — 240
6వ నెల — 10,000 — 200
7వ నెల — 8,000 — 160
8వ నెల — 6,000 — 120
9వ నెల — 4,000 — 80
10వ నెల — 2,000 — 40

వడ్డీ కూడడానికి సులువు పద్ధతి ఉంది. మొదటిదీ చివరిదీ కలపండి. 400 + 40 = 440. రెండోదీ, చివరినుంచి రెండోదీ కలపండి. 360 + 80 = 440. ఇలా ఐదు జతలు వస్తాయి. 440 × 5 = 2,200.

మిగిలిన అసలు మీద కడితే వడ్డీ 2,200. షావుకారు లెక్కలో వడ్డీ 4,000. తేడా 1,800 రూపాయలు. రెండు చోట్లా "నూటికి రెండు" అన్న మాట ఒక్కటే. పద్ధతి మారింది.

షావుకారు పద్ధతిలో పదో నెలలో రాజమ్మ చేతిలో ఉండేది రెండు వేలే. వడ్డీ మాత్రం ఇరవై వేల మీద కడుతుంది.

4. సగటు అప్పు

రాజమ్మ చేతిలో మొదటి నెల 20,000 ఉంది. చివరి నెల 2,000 ఉంది. మరి పది నెలల్లో నెలకు సగటున ఎంత డబ్బు వాడుకున్నట్టు?

సగటు కట్టడానికి అన్నీ కూడాలి. ఎన్ని అంకెలు ఉన్నాయో వాటితో భాగించాలి.

మిగిలిన అసలు అంకెలు పది ఉన్నాయి. అవన్నీ కూడితే 1,10,000. పదితో భాగిస్తే 11,000.

అంటే రాజమ్మ పది నెలలూ సగటున 11,000 రూపాయలే వాడుకుంది. ఆ 11,000లో 110 వందలు ఉన్నాయి. నూటికి రెండు చొప్పున నెలకు 220. పది నెలలకు 2,200. పైన వచ్చిన అంకె మళ్లీ వచ్చింది. లెక్క సరిగా ఉందని ఇలా సరిచూసుకోవచ్చు.

నెలనెలా సమానంగా అసలు కట్టే అప్పులకు ఇంకో దారి ఉంది. మొదటి నెల అంకెనూ చివరి నెల అంకెనూ కలిపి సగం చేయాలి. 20,000 + 2,000 = 22,000. అందులో సగం 11,000.

ఇప్పుడు షావుకారు అడిగిన నెల వడ్డీ 400ను ఈ సగటు అప్పుతో చూడండి. 110 వందలకు 400 రూపాయలు. ఒక వందకు ఎంత? 400ను 110తో భాగిస్తే దాదాపు 3 రూపాయల 64 పైసలు.

పేరుకు రెండు రూపాయల వడ్డీ. పడేది మూడున్నర రూపాయలకు పైనే.

మర్నాడు రాజమ్మ షావుకారుతో అంది. "అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గించండి. నెలనెలా మిగిలినదాని మీదే కడతాను."

"అట్లయితే నాకు గిట్టదమ్మా. రెండున్నర అవుతుంది" అన్నాడు షావుకారు.

రెండున్నర అనగానే రాజమ్మ వెనక్కి తగ్గలేదు. లెక్క చూసింది. 110 వందలకు రెండున్నర చొప్పున నెలకు 275. పది నెలలకు 2,750. ఇది 4,000 కంటే 1,250 తక్కువ.

చెప్పిన రేటు పెరిగింది. కట్టే డబ్బు తగ్గింది. అందుకే రేటు ఒక్కటే విని ఒప్పుకోకూడదు. రేటు ఎంతో అడగాలి. దేనిమీద కడతారో కూడా అడగాలి.

5. పాల లెక్క

అప్పు తీర్చేది గేదె. అందుకని గేదె లెక్క కూడా చూడాలి.

కొనబోయే గేదె ఎన్ని పాలు ఇస్తుందో అమ్మేవాళ్ల మాట మీద నమ్మితే చాలదు. వెంకమ్మ వారం రోజులు వెళ్లి చూసి రాసుకుంది. లీటర్లు ఇవి: 4, 5, 4, 3, 5, 4, 3.

కూడితే 28 లీటర్లు. ఏడు రోజులు కాబట్టి ఏడుతో భాగించాలి. సగటున రోజుకు 4 లీటర్లు.

అమ్మేవాళ్లు "ఐదు లీటర్లు" అన్నారు. అది అబద్ధం కాదు. రెండు రోజులు ఐదు లీటర్లు ఇచ్చింది. కానీ అది ఎక్కువ ఇచ్చిన రోజు అంకె. దాన్ని నమ్మి అప్పు చేస్తే రోజుకు లీటరు పాల డబ్బు లెక్క తప్పుతుంది.

లీటరు 50 రూపాయలు అనుకోండి. నాలుగు లీటర్లకు 200. మేత, దాణా, తవుడు కలిపి రోజుకు 110 ఖర్చు అనుకోండి. రోజుకు మిగిలేది 90. ముప్పై రోజులకు 2,700.

"నెలకు 2,700 వస్తాయి. 2,400 కట్టినా 300 మిగులుతాయి" అంది రాజమ్మ.

"పాలిచ్చే నెలల్లో సరే. గేదె వట్టిపోతే?" అంది వెంకమ్మ.

గేదె ఏడాది పొడుగునా పాలివ్వదు. తొమ్మిది నెలలు ఇచ్చి, మూడు నెలలు వట్టిపోయింది అనుకోండి. వట్టిపోయినా మేత వేయాలి. అప్పుడు రోజుకు 50 చొప్పున నెలకు 1,500 ఖర్చు.

తొమ్మిది నెలల మిగులు: 2,700 × 9 = 24,300.
మూడు నెలల మేత: 1,500 × 3 = 4,500.
ఏడాదిలో మిగిలేది: 24,300 − 4,500 = 19,800.
పన్నెండుతో భాగిస్తే నెల సగటు 1,650.

పాలిచ్చే నెలల సగటు 2,700. ఏడాది సగటు 1,650. రెండూ నిజమే. అప్పు చేసేటప్పుడు చూడవలసింది ఏడాది సగటు.

షావుకారు మొదట చెప్పిన పద్ధతిలో పది నెలలకు కట్టవలసింది 24,000. తొమ్మిది నెలల్లో మిగిలిన 24,300లోంచి పదో నెల మేతకు 1,500 తీస్తే 22,800 ఉంటుంది. అంటే అప్పు తీరేసరికి 1,200 తక్కువ పడుతుంది. ఆ తరువాత ఇంకా రెండు నెలల మేత ఉంది. అది 3,000. మొత్తం 4,200 కూలి డబ్బులోంచి పెట్టాలి. లేకపోతే ఇంకో అప్పు చేయాలి. అదీ కుదరకపోతే వట్టిపోయిన గేదెను తక్కువ ధరకు అమ్ముకోవాలి. అప్పు తీరుతుంది గాని గేదె మిగలదు.

6. సంఘంలో సగటు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద పోరాటం చేశారు. దూబగుంటలాంటి ఊళ్లలో మొదలైన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకొక రూపాయి పొదుపు మొదలుపెట్టారు. దానికి "పొదుపు లక్ష్మి" అని పేరు. పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు 1992లో ప్రారంభించింది.

రోజుకొక రూపాయి అంటే నెలకు 30. పదిహేను మంది సంఘంలో నెలకు 450. ఏడాదికి 5,400. ఆ డబ్బును సభ్యులే అప్పుగా తీసుకుంటారు. వడ్డీ కూడా సంఘానికే వస్తుంది.

రాజమ్మ, వెంకమ్మ ఉన్న సంఘంలో అప్పు ఇవ్వడానికి 20,000 ఉన్నాయి. రూపాయి వడ్డీ. మిగిలిన అసలు మీదే కట్టాలి. ఆ నెల ఐదుగురు అప్పు అడిగారు. బయట ఎవరికెంత అప్పు ఉందో పుస్తకంలో రాసుకున్నారు. రాజమ్మకు ఏమీ లేదు. ముగ్గురికి 4,000, 5,000, 6,000. లక్ష్మమ్మకు 35,000.

ఒకామె అంది. "అన్నీ కలిపితే 50,000. ఐదుగురం. సగటున తలా పదివేలు. అందరం ఒకటే గదా. ఉన్న ఇరవై వేలు తలా నాలుగు వేలు పంచుకుందాం."

కూడిక సరే. భాగహారం సరే. కానీ పదివేల అప్పు ఉన్న మనిషి ఆ ఐదుగురిలో ఒక్కరూ లేరు. నలుగురికి అంతకంటే బాగా తక్కువ. ఒకరికి మూడు రెట్లు దాటింది.

ఒక్క పెద్ద అంకె ఉంటే సగటు దాని వైపు పోతుంది. అలాంటప్పుడు నడిమి అంకె కూడా చూడాలి. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాయండి.

0, 4,000, 5,000, 6,000, 35,000

నడుమ ఉన్నది 5,000. దీన్ని లెక్కల పుస్తకాల్లో మధ్యగతం అంటారు. సగటు 10,000. నడిమి అంకె 5,000. ఈ రెండూ దూరంగా ఉన్నాయంటే ఎవరో ఒకరు అందరికంటే వేరుగా ఉన్నారని తెలుస్తుంది. ఆ ఒకరు ఎవరో చూడాలి.

లక్ష్మమ్మ బయట కట్టేది ఐదు రూపాయల వడ్డీ. 350 వందలకు ఐదు చొప్పున నెలకు 1,750. అది వడ్డీ మాత్రమే. అసలు అలాగే ఉంది.

సంఘం ఆమెకు 10,000 ఇస్తే బయటి అప్పు 25,000 అవుతుంది. దానికి నెలకు 1,250. సంఘం వడ్డీ మొదటి నెల 100. రెండూ కలిపి 1,350. నెలకు 400 మిగులుతాయి. ఆ 400 అసలులోకి కట్టుకోవచ్చు.

నాలుగు వేలే ఇస్తే ఆమెకు మిగిలేది నెలకు 160. రాజమ్మకూ నాలుగు వేలతో గేదె రాదు.

సంఘం మాట్లాడుకుంది. లక్ష్మమ్మకు 10,000, రాజమ్మకు 10,000 ఇవ్వాలని తీర్మానం రాసుకుంది. మిగతా ముగ్గురూ వచ్చే నెలదాకా ఆగుతామన్నారు.

రాజమ్మ ఇంకో పదివేలు షావుకారు దగ్గర తీసుకుంది. రెండున్నర వడ్డీ, మిగిలిన అసలు మీద. ఇప్పుడు ఆమె లెక్క ఇది.

ఒక్కో అప్పులో నెలకు వెయ్యి అసలు కట్టాలి. సగటు అప్పు 5,500. అంటే 55 వందలు.

సంఘం వడ్డీ: 55 × 1 × 10 = 550.
షావుకారు వడ్డీ: 55 × 2.50 × 10 = 1,375.
మొత్తం వడ్డీ: 1,925.

మొదట చెప్పిన 4,000తో పోలిస్తే 2,075 తక్కువ. గేదె లెక్కలో ఉన్న 22,800లోంచి 21,925 అప్పులకు పోతే 875 మిగులుతుంది. తరువాతి రెండు నెలల మేతకు 3,000 కావాలి. 875 పోను 2,125 కూలి డబ్బులోంచి పెట్టాలి. కష్టమే. అయినా 4,200 కంటే అది సగమే. గేదె ఇంట్లోనే ఉంటుంది. మళ్లీ ఈనాక వచ్చే పాల డబ్బు అప్పుకు పోదు.

7. వారం అప్పు

కొందరు వారం వారం వసూలు చేసే అప్పు ఇస్తారు. "పదివేలకు వెయ్యి రూపాయలే వడ్డీ. నూటికి పదే" అంటారు. ఆ వెయ్యి ముందే పట్టుకుంటారు. చేతికి వచ్చేది 9,000. కట్టవలసింది వారానికి వెయ్యి చొప్పున పది వారాలు.

చేతికి రానిదానికి వడ్డీ కట్టకూడదు. కాబట్టి అసలు అప్పు 9,000. పది వారాలకు భాగిస్తే వారానికి 900 అసలు, 100 వడ్డీ.

మొదటి వారం చేతిలో 9,000. చివరి వారం 900. కలిపి సగం చేస్తే సగటు అప్పు 4,950. దాదాపు 50 వందలు. వాటికి వారానికి 100 వడ్డీ. అంటే నూటికి వారానికి రెండు రూపాయలు. నాలుగు వారాలకు ఎనిమిది రూపాయలు. ఏడాదికి 52 వారాలు. నూటికి ఏడాదికి నూరు రూపాయలు దాటుతుంది.

"నూటికి పది" అన్న మాటలో గడువు దాగి ఉంది. ఆ పది ఏడాదికి కాదు. పది వారాలకు.

8. నోటు తిరగరాస్తే

ఊళ్లో చాలా అప్పులకు ప్రాంసరీ నోటు రాస్తారు. అడిగినప్పుడు ఇస్తామని రాసే నోటు మీద కోర్టుకు వెళ్లడానికి గడువు మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయమని అడుగుతారు. అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు.

10,000 అప్పు, రెండు రూపాయల వడ్డీ, ఏమీ కట్టలేదు అనుకోండి. మూడేళ్లకు వడ్డీ 7,200. కొత్త నోటు 17,200కు రాస్తారు. ఇంకో మూడేళ్లకు దానిమీద వడ్డీ 12,384. ఆరేళ్లకు మొత్తం 29,584.

అదే మొదటి పదివేల మీదే ఆరేళ్ల వడ్డీ కడితే 14,400. మొత్తం 24,400. తేడా 5,184. ఆ తేడా వడ్డీ మీద పడిన వడ్డీ. ఇలా వడ్డీని అసలులో కలిపి మళ్లీ వడ్డీ కట్టడమే చక్రవడ్డీ.

నోటు తిరగరాసే ముందు వడ్డీలో కొంతైనా కడితే కొత్త నోటు బరువు తగ్గుతుంది. ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించాలి. తేదీ, అంకె ఉండాలి. పాత నోటు వెనక్కి తీసుకోకుండా కొత్త నోటు మీద సంతకం చేయకూడదు.

9. సంతకం పెట్టే ముందు

ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.

ఒకటి. వడ్డీ నెలకా, వారానికా, ఏడాదికా?
రెండు. మొదటి అసలు మీదా, మిగిలిన అసలు మీదా?
మూడు. చేతికి వచ్చేది ఎంత? ముందే పట్టుకునేది ఎంత?
నాలుగు. వాయిదా ఎంత? ఎన్ని వాయిదాలు? మొత్తం ఎంత?
ఐదు. వాయిదా తప్పితే ఎంత అదనం? ముందే తీర్చేస్తే తగ్గేది ఎంత?

ఖాళీ నోటు మీద సంతకం గాని వేలిముద్ర గాని పెట్టకండి. అంకె పక్కన అక్షరాల్లో కూడా రాయించండి.

ఏడాది ఆదాయం మూడు లక్షలు మించని కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులను చిన్న అప్పులు అంటారు. బ్యాంకులు, చిన్న అప్పుల కంపెనీలు ఇచ్చే ఇలాంటి అప్పులకు 2022 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. అప్పు వివరాలన్నీ, ఏడాది వడ్డీ రేటుతో సహా, కాగితం మీద ఇవ్వాలి. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో అప్పు కార్డు ఇవ్వాలి. అప్పు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వాయిదా ఆలస్యమైతే ఆ ఆగిన డబ్బు మీదే జరిమానా వేయాలి, మొత్తం అప్పు మీద కాదు. కార్డు తెలుగులో అడిగి తీసుకోండి. చదవండి. అర్థం కాకపోతే అక్కడే అడగండి.

10. చేసి చూడండి

1. 15,000 అప్పు. రూపాయిన్నర వడ్డీ. ఒక నెల వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత?

2. 6,000 అప్పు. రెండు రూపాయల వడ్డీ. నెలకు వెయ్యి చొప్పున అసలు కట్టి ఆరు నెలల్లో తీర్చాలి. మిగిలిన అసలు మీద కడితే మొత్తం వడ్డీ ఎంత? మొదటి అసలు మీదే కడితే ఎంత?

3. ఒకామె ఐదు వారాల కూలి డబ్బు ఇలా ఉంది: 1,200, 900, 1,500, 0, 1,400. వారం సగటు ఎంత? నడిమి అంకె ఎంత? వారానికి వెయ్యి కట్టే అప్పు ఆమె తీసుకోవచ్చా? మీ గుంపులో మాట్లాడుకోండి.

జవాబులు

1. నెలకు 225. ఏడాదికి 2,700.
2. మిగిలిన అసలు మీద 420. మొదటి అసలు మీద 720.
3. సగటు 1,000. నడిమి అంకె 1,200. పని లేని వారం కూడా వాయిదా కట్టాలి. సగటు డబ్బంతా వాయిదాకే పోతే ఇంట్లో పొయ్యి మీదకు ఏమీ మిగలదు.

మీ ఇంట్లో ఇప్పుడున్న ఒక అప్పు తీసుకోండి. చేతికి వచ్చింది ఎంతో, ఇప్పటిదాకా కట్టింది ఎంతో, ఇంకా ఉన్నది ఎంతో రాయండి. నూటికి నెలకు ఎంత పడుతుందో కట్టి చూడండి. ఆ కాగితాన్ని వచ్చే సంఘం మీటింగుకు తీసుకెళ్లండి.